పొరుగువారి ప్రార్థనామందిరము

ఒక యూరిలో నూతనముగ నొక గుడి కట్టదలచినపుడు ఊరివారు సంతసింతురు, చందాలిత్తురు, ముహూర్తము విచారింతురు. అదే యూరిలో, అదే వీధిని, అంతే వైశాల్యముగల స్థలమున అన్యమతస్థులొక పెద్ద ప్రార్థనామందిరమును గట్టదలచిరని విన్ననాడు, అంతవఱకెవరికిని దోచని ప్రశ్నలన్నియు నొక్కమాఱుగ బుట్టును. త్రోవ యిఱుకని యొకరు, చప్పుడధికమగునని యొకరు, ధనమెక్కడనుండి వచ్చెనని యొకరు, మన పిల్లల గతి యేమని యొకరు అడుగుదురు. ఈ ప్రశ్నలలో గొన్ని న్యాయమైనవి. కొన్ని భయమునుండి పుట్టినవి. మఱికొన్నింటికి ద్వేషమే మూలము. కాని యవి న్యాయమువలె మాటలాడుట నేర్చినవి. వీనిని వేఱుపఱచి చూచుట విద్యావంతుల ధర్మము. విద్యావంతులు మౌనము వహించిన సభలో బిగ్గఱగ నఱచినవాని మాటయే ఊరిమాటగ జెల్లుచున్నది.

కావున మేమీ వ్యాసమున విచారింపబూనిన దేమనగా: తనది కాని దేవాలయము తన యూరిలో గట్టబడునపుడు మనుష్యుడు దేనిని వలదనవచ్చును? దేనిని వలదనగూడదు? కట్టువారు పొరుగువారికి ఏమి ఋణపడియున్నారు? మా సిద్ధాంతమును ముందే చెప్పుదుము. ఏ యభ్యంతరమును మన గుడివిషయమునను మనమొప్పుకొందుమో, ఆ యభ్యంతరమొక్కటియే పరుల మందిరమునకు జెల్లును; మన గుడికి జెల్లదన్నది పరుల మందిరమునకును జెల్లదు. ఈ కొలబద్ద వినుటకు సులభము, చేతబట్టుటకు గడుకష్టము. దీనిని బట్టినవాని చేతికే మొదట గాయమగును.

సామాన్యముగ మాటలాడిన నెవరికిని దెబ్బ తగులదు గనుక, ఒక యూరిని పేర్కొని విచారింతము. జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర యొడ్డున రాజోలి యను గ్రామము కలదు. అది నేతగాండ్ర యూరు. అందు పురాతనమైన కోటయు, కోటలో దేవాలయములును గలవు. నదికి ఆవలి యొడ్డు కర్నూలు సీమ. సుంకేసుల ఆనకట్ట సమీపముననే యున్నది. 1956 వఱకు ఆలంపురము, గద్వాల తాలూకాలు హైదరాబాదు సంస్థానపు రాయచూరు జిల్లాలోనివి. పిదప పాలమూరు జిల్లాలో జేరినవి. 2016లో నూతన జిల్లాలేర్పడినపుడు ప్రత్యేక జిల్లాయైనవి. 2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచెను. మగ్గములు నీటిపాలయ్యెను, ఇండ్లు కూలెను, కొత్త తావున ఇండ్లు కట్టుకొనవలసిన గతి వేలమందికి బట్టెను.

ఇట్టి యూరిలో నొక పెద్ద క్రైస్తవసంఘమువారు స్థలము కొని, వేయిమంది కూర్చుండదగిన మందిరమును గట్టదలచి, పంచాయతికి దరఖాస్తు పెట్టుకొనిరనుకొందము. ఇది జరిగిన వృత్తాంతమని మేము చెప్పుటలేదు; విచారణకై కల్పించుకొన్న యుదాహరణము. కాని యిట్టి సభ జరుగని జిల్లా తెలుగుదేశమున నుండదనుట సాహసము గాదు. క్రైస్తవమతమీ ప్రాంతమునకు నూతనమును గాదు. నూఱేండ్లకు బైగా పాలమూరు, గద్వాలలలో బాప్టిస్టు మిషనువారును, నాగరకర్నూలు, వనపర్తులలో మెన్నొనైట్ బ్రదరెన్ మిషనువారును బళ్లు పెట్టి, మందులిచ్చి, ప్రార్థనలు జరిపిరి. చిన్న ప్రార్థనశాలలు పల్లెపల్లెను గలవు. చిన్నదానిని సహించిన యూరు పెద్దదనగనే యేల కలతపడును? ఇందే విషయము యొక్క మర్మమున్నది.

ఊరివారి వాదములను మొదట వినవలెను. వానిని బలహీనముగ జెప్పి ఖండించుట న్యాయము గాదు గనుక, బలముగనే చెప్పుదుము. ఇది పురాతన పుణ్యక్షేత్రముల సీమ. ఇందు పరమతపు గోపురమెత్తుట మా పూర్వులకవమానమని యొకరందురు. ఊరిలో క్రైస్తవులు కొద్దిమందియే, వేయిమందికి సరిపడు కట్టడమెవరికొఱకని మఱొకరందురు. ధనము పరదేశమునుండి వచ్చుచున్నది, పేదలను మతము మార్పించుటకే యిది సాధనమని వేఱొకరందురు. ఆదివారమునాడు బండ్లును జనమును వీధిని నింపుదురు, ధ్వనివిస్తారక యంత్రములు చెవులు చిల్లులు పొడుచునని యింకొకరందురు. కడపట నొక వృద్ధుడు లేచి, వారిది పెద్దదైనచో మనదింకను బెద్దది కావలెనందురు, ఆపైన మసీదువారును గట్టుదురు, ఊరంతయు గోపురముల పందెమగునని యనును.

కట్టదలచినవారి వాదము క్లుప్తమైనది. స్థలము మాది, ధనము మాది, 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము ఇరువదియైదవ, ఇరువదియాఱవ యధికరణములలో మతస్వాతంత్ర్యమును, మతసంస్థలను నెలకొల్పుకొను హక్కును మాకిచ్చినది, ఊరివారి సమ్మతి మేమేల యడుగవలెనందురు.

ఈ రెండు పక్షములను మన కొలబద్దతో గొలిచి చూతము.

పురాతనత్వమునుగూర్చిన వాదము మొదటిది. రాజోలికి సమీపమున ఆలంపురము కలదు. అచ్చటి నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల నాటివి. ఏడవ, ఎనిమిదవ శతాబ్దులలో గట్టబడినవి. ఆ యాలయముల చెంతనే షా అలీ పహిల్వాను దర్గా కలదు. అచ్చటి జోగులాంబ యాలయము మధ్యయుగమున ధ్వంసమై, 2005లో మరల నిర్మింపబడెను. ఈ చరిత్రలో గాయమున్నది. దానిని దాచుట సత్యము గాదు. కాని గాయమునుండి యేమి నేర్చుకొందుమన్నదే ప్రశ్న. పరుల దేవాలయమును గూల్చుట పాపమని ఆలంపురము మనకు బోధించినచో, పరుల దేవాలయమును లేవనీయకుండుట యెట్లు పుణ్యమగును? కూల్చువానికిని, కట్టనీయనివానికిని బలములో భేదమున్నదిగాని భావములో భేదమేమున్నది? మఱియు ప్రాచీనతయే హక్కైనచో, ఊరిలో నిన్న గట్టిన ప్రతి గుడికిని ఆ హక్కు లేకపోవలెను. మనమట్లనుట లేదు. కావున ఈ యభ్యంతరము కొలబద్దకు నిలువదు.

సంఖ్యనుగూర్చిన వాదము రెండవది. కొద్దిమందికి పెద్ద కట్టడమేలయని యడుగువారు, మెదకు పట్టణమును జూడవలెను. అచ్చట చార్లెసు వాకరు పాస్నెట్టను వెస్లియను మిషనరీ 1914 మొదలు పదేండ్లు కట్టించిన దేవాలయము 1924 డిసెంబరు 25వ తేదిని ప్రతిష్ఠింపబడెను. దాని గంటగోపురము 175 అడుగుల యెత్తుగలది. లోపల అయిదువేలమందికి స్థలమున్నది. అది చార్మినారుకంటె నెత్తుగ నుండుట నిజామునకు గంటకమయ్యెనని యొక జనశ్రుతి కలదు. కథ యెట్టిదైనను మనుష్యస్వభావమును బట్టియిచ్చుచున్నది; పరుల గోపురపు టెత్తును మనము కంటితో గాక యభిమానముతో గొలుతుము. కాని నూఱేండ్లు గడచినవి. నేడు మెదకునకు వచ్చు యాత్రికులలో అన్ని మతములవారును గలరు. ఆ గోపురమువలన చార్మినారు కుఱుచ గాలేదు, ఏడుపాయల దుర్గమ్మ జాతరకు జనము తగ్గలేదు.

సంఖ్యావాదమునకు మఱొక రూపము కలదు. మేము పెక్కండ్రము, వోట్లు వేసి నిర్ణయింతుమని యందురు. ఈ పద్ధతిని స్విట్జర్లండు దేశమువారు పరీక్షించిరి. 2009 నవంబరు 29వ తేదిని అచ్చటి ప్రజలు వోటు వేసి, నూఱింట 57.5 వంతుల యాధిక్యముతో, నూతనముగ మసీదుమీనారులు కట్టగూడదని రాజ్యాంగముననే వ్రాసికొనిరి. అప్పటికి దేశమంతటను గల మీనారులు నాలుగే. నాలుగు గోపురములకు భయపడి యొక ప్రాచీన ప్రజాస్వామ్యము తన రాజ్యాంగమును దిద్దుకొన్నది. వోటుతో బన్నును నిర్ణయింపవచ్చును, వంతెనను నిర్ణయింపవచ్చును. ఒకని మనస్సాక్షి వానిదే. దానిని పదిమంది చేతులెత్తి తీర్మానింపజాలరు. పెక్కండ్రకు నచ్చిన యారాధన నిలుచుటకు హక్కుల పత్రమక్కఱలేదు; కొద్దిమంది యారాధన నిలుచుటకే హక్కు అను మాట పుట్టినది.

ఇచ్చట చదువరులొక్కసారి తమను తాము ఆవలి యొడ్డున నిలిపికొని చూడగోరుదుము. మన తెలుగువారు విదేశములకు బోయి, అమెరికాలో పిట్సుబర్గు మొదలుగ నెన్నో పట్టణములలో వేంకటేశ్వరాలయములు కట్టుకొనిరి. ఆ యూళ్లలో వారు కొద్దిమంది. వారి భాష వేఱు, గోపురము వేఱు, గంట వేఱు. లండనునకు సమీపముననున్న లెచ్‌మోర్ హీత్ అను చిన్న గ్రామములో 1973 మొదలు కృష్ణభక్తుల మందిరమొకటి కలదు. భవనమును జార్జి హారిసనను సంగీతకారుడిచ్చెను. కృష్ణాష్టమినాడు వేలమంది హిందువులు వచ్చుటచే గ్రామపు సన్నని దారులు నిండిపోయెను. గ్రామస్థులు మొఱపెట్టిరి, స్థానిక పాలకసంఘమువారు సార్వజనిక పూజలను నిలుపజూచిరి, వివాదము సంవత్సరములకొలది సాగెను. కడకు 1996లో గ్రామములోనికి బోకుండ మందిరమునకు వేఱొక దారి వేసికొనుటకు ప్రభుత్వమనుమతిచ్చుటతో చిక్కు విడెను. గ్రామస్థుల కష్టము నిజము. భక్తుల హక్కును నిజము. రెండును దీఱుటకు వలసినది వేఱొక దారి. అచ్చటి హిందువుల పక్షమున మన హృదయము కొట్టుకొనినచో, రాజోలిలోని క్రైస్తవుల పక్షమునను గొట్టుకొనవలెను. లేనిచో మనకు బ్రియమైనది న్యాయము గాదు, మన పక్షము.

మతాంతరమునుగూర్చిన వాదము మూడవది. ఇది యన్నింటికంటె గంభీరమైనది. బలాత్కారముచేతను, వంచనచేతను, ఆశ చూపుటచేతను మతము మార్పించుట యధర్మమనుటలో మాకు సందేహము లేదు. మతమును బ్రచారము చేయుహక్కులో ఇతరుని మతము మార్పించు హక్కు చేరియుండలేదని 1977లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆకలిగొన్నవాని యెదుట నొక చేత నన్నమును నొక చేత మతమును బట్టుకొని నిలుచువాడు రెంటిని నవమానించుచున్నాడు. ఈ మాట మిషనరీలలో నుత్తములకును దెలియును. 1876 మొదలు 1878 వఱకు గల మహాక్షామకాలమున ఒంగోలులో జాన్ క్లౌ అను బాప్టిస్టు మిషనరీ బకింగుహాము కాలువలో గొంతభాగము త్రవ్వించు గుత్త పుచ్చుకొని వేలమందికి గూలి నిచ్చెను. కాని కరవు దీఱువఱకు బాప్తిస్మములిచ్చుట మానుకొనెను. కూటికై చేరినవారని లోకమనునని, వారికే యట్టి సందేహము గలుగునని యాయన యెంచెను. సాయము ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదిని, ఒక్కదినముననే 2222 మంది బాప్తిస్మము బొందిరి.

ఈ సంఖ్యను జూచి మనము కోపగింపవచ్చును, సిగ్గుపడుట మేలు. వారిలో నత్యధికులెవరు? మాల మాదిగలని పేరుపెట్టి మనమూరి వెలుపల నుంచిన సోదరులు. మన బావిలో వారు చేద వేయరాదు. మన గుడి మెట్టు వారెక్కరాదు. మన బడిలో వారి బిడ్డ కూర్చుండరాదు. అట్టివానినొకడు పేరుపెట్టి పిలిచి, ప్రక్కన గూర్చుండబెట్టుకొని, వాని బిడ్డకక్షరములు నేర్పెను. వాడాతని దేవుని నమ్మెను. ఇందు ప్రలోభమెంత, ప్రేమయెంత యని తూచుటకు ముందు, మన త్రాసులో మనమేమి వేసితిమో చూచుకొనవలదా? ఇంకొకటి చెప్పుదుము. 1950 నాటి షెడ్యూల్డు కులముల యుత్తరువు ననుసరించి, క్రైస్తవుడైన దళితుడు ఆ జాబితాలోని సౌకర్యములను గోల్పోవును. సిక్కులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను ఆ సౌకర్యము కలిగెనుగాని క్రైస్తవులకు గలుగలేదు. కావున క్రైస్తవము లాభసాటియైన బేరమనువారు, అందలి నష్టమును గూడ లెక్కవేయవలెను. నష్టమునకోర్చి యొకడు చేరినచో వానిని మూఢుడనవచ్చునేమోగాని, అమ్ముడుపోయినవాడని యనరాదు.

వంచన జరిగినచో వంచించినవానిని శిక్షింపుడు. వంచన జరుగవచ్చునని కట్టడమును నిషేధించుట, దొంగతనము జరుగవచ్చునని సంతను మూయించుట వంటిది. మఱియు మతాంతరభయముగలవారికి మఱొక మార్గము తెఱచియే యున్నది. గోడ కట్టనీయకుండుటకు బూనిన శ్రమలో నాలవవంతు, మన గుడితలుపును సర్వజనులకును నిజముగ దెఱచుటకు బూనిన, ఆ భయమునకే కారణముండదు. ఇది మా సమాజమువారు నూఱేండ్లకు బైగ జెప్పుచున్న మాట. వినినవారికంటె మెచ్చుకొనినవారే యధికులు.

ఇంతవఱకు ఊరివారిని గొలిచితిమి. ఇక కట్టువారి వంతు. స్థలము మాది, ధనము మాది, హక్కు మాది యనువారికి మేము చెప్పునదేమనగా, రాజ్యాంగము మతస్వాతంత్ర్యమునిచ్చుచునే దానిని ప్రజాశాంతికిని, నీతికిని, ఆరోగ్యమునకును లోబఱచినది. హక్కు పత్రముననున్నది, పొరుగువాని చెవి వీధిలోనున్నది. రెండింటిని గలిపి చదువవలెను.

రాజోలివంటి నేతగాండ్ర యూరిలో వీధి కేవలము నడచుటకు మాత్రమే గాదు. నేతగాడు వీధి పొడవునను పడుగు సాచి గంజి పట్టించును. అది యాఱువఱకు వీధియే వాని కార్యశాల. ఆ దారిని నూఱు మోటారుబండ్లు వచ్చి నిలిచినచో, వాని నాటి కూలి పోవును. పగలంతయు గుంటమగ్గముపై గూర్చున్నవానికి రాత్రినిద్రయే సంపద. మగ్గపు చప్పుడును పొరుగువాడు సహించుచున్నాడుగదా యందురేమో. అది జీవనోపాధి గనుకను, అందఱిండ్లలోను నున్నది గనుకను సహించుచున్నాడు. ప్రార్థన జీవనమునకంటె గొప్పదైనను, ప్రార్థనకు యంత్రముతో బెంచిన ధ్వని యవసరము గాదు.

ఈ విషయమున మద్రాసు నగరపు వ్యాజ్యమొకటి స్మరింపదగినది. అచ్చట నొక నివాసవాడలో పెంతెకొస్తు సంఘమువారి ప్రార్థనశాల కలదు. మృదంగాది వాద్యములును ధ్వనివిస్తారకములును వాడుచుండిరి. నివాసుల సంఘమువారు శబ్దమునుగూర్చి న్యాయస్థానమున కెక్కిరి. 2000 ఆగస్టు 30వ తేదిని సర్వోన్నత న్యాయస్థానము, ఇతరుల శాంతిని భంగపఱచి ప్రార్థింపుమని యే మతమును విధింపలేదని నిర్ణయించి, ప్రార్థనశాలవారి యప్పీలును గొట్టివేసెను. ఈ తీర్పులో మాకు రెండు విశేషములు కానవచ్చుచున్నవి. న్యాయస్థానము శబ్దమును గట్టడిచేసెనుగాని ప్రార్థనశాలను మూయింపలేదు. మఱియు అది క్రైస్తవులకు మాత్రమే చెప్పిన తీర్పు గాదు. మసీదునకును, గుడికిని, మా బ్రహ్మమందిరమునకును జెల్లును. అదే యేట వచ్చిన శబ్దనియమముల ప్రకారము, నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెలులకు మించరాదు; రాత్రి పదిగంటలు మొదలు ఉదయమాఱుగంటల వఱకు బహిరంగముగ ధ్వనివిస్తారకములు వాడరాదు. ఈ నియమమును జేతబట్టుకొని మందిరపువారినడుగబోవు పెద్దమనుష్యుడు, తమ గుడిలో ధనుర్మాసపు వేకువను మ్రోగు యంత్రమును ముందుగ గొలిచి పోవలెను.

స్థలమునుగూర్చియు నిట్లే. వరద వచ్చిన యూరిలో కట్టడమెచ్చట నుండవలెను, నీరు పోవుదారి కడ్డమగునా, ఆపత్కాలమున జనము బయటికి వచ్చుటకెన్ని ద్వారములు గలవు అను ప్రశ్నలు మతద్వేషములు గావు. వానినడుగుట ఊరివారి విధి. బహిరంగమార్గములను, ఉద్యానములను నాక్రమించి యే మతమువారును గట్టరాదని 2009 సెప్టెంబరు 29వ తేదిని సర్వోన్నత న్యాయస్థానమాజ్ఞాపించెను. దేవునికట్టడమునకు నిబంధనలేమని రోషపడువారు కూడవెల్లిని స్మరింపవలెను. కృష్ణా తుంగభద్రల సంగమమున నున్న సంగమేశ్వరాలయము శ్రీశైలపు జలాశయమువలన మునుగవలసివచ్చినపుడు, దానిని ఱాయిఱాయిగ విప్పి ఆలంపురమునకు దెచ్చి మరల నిలిపిరి. వేయేండ్లకు బైబడిన ఆలయము లోకహితమునకై స్థలము మార్చుకొన్నది; భక్తి తగ్గలేదు. ఇంకను బునాది వేయని మందిరము వీధిమలుపునుండి యూరిచివరి మెట్టకు జరుగుట యవమానమెట్లగును? అయితే ఆ మాట మన గుడులకును జెప్పినవారికే పరులకు జెప్పునధికారము గలదు.

అనుమతి యను మాటలో నొక ప్రమాదమున్నది, దానిని మఱువరాదు. నిజాము పాలనలో నూతన దేవాలయనిర్మాణమునకు మతవ్యవహారములశాఖవారి యనుమతి కావలసియుండెను. ఆ యనుమతి యాలస్యమగుటయు, నిరాకరింపబడుటయు జనులకు దుర్భరమయ్యెను. 1938, 1939 సంవత్సరములలో ఆర్యసమాజమువారు సత్యాగ్రహము చేసి వేలకొలది కారాగృహములకు బోయిరి. తమ మందిరములను, హోమకుండములను శాఖవారి యనుమతి లేకయే నిర్మించుకొను స్వేచ్ఛ వారి కోరికలలో నొకటి. నాడు మనవారికి బాధాకరమైన ద్వారపాలకత్వమును నేడు మనము పరులపై నడపవచ్చునా? 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చేసిన గ్రామపంచాయతి కట్టడముల నియమములలోను, ప్రజారాధనకై కట్టు భవనమునకు ముందుగ కలెక్టరు ననుమతి బొందవలెనను విధి చేర్పబడెను. నియమముండుట తప్పు గాదు. అది ముందే వ్రాయబడి, అందఱికి నొక్కటియై, గడువులోపల గారణములతో నుత్తరమిచ్చునదైనచో న్యాయము. ఊరి ముఖము చూచి యిచ్చుటయు, మానుటయు నైనచో, పాత శాఖయే కొత్త పేరుతో వచ్చినదన్నమాట.

ఇక చట్టమునకు మించిన ధర్మమొకటి కలదు. చట్టమొప్పిన మందిరమెల్ల మంచి మందిరము గాదు. దేవుని గృహమునకు గొప్పతనమేది? ఈ విషయమున మా సమాజమునకొక పూర్వపత్రము దీపమై యున్నది. రాజా రామమోహనరాయలు కలకత్తాలో బ్రహ్మసమాజమందిరమును నెలకొల్పినపుడు, 1830 జనవరి 8వ తేదిని వ్రాయించిన ధర్మకర్తృత్వ పత్రములో కొన్ని షరతులు చేర్చెను. శాంతముగను భక్తితోను వచ్చు సర్వజనులకును భేదము లేక ప్రవేశముండవలెను. అందు విగ్రహములుండరాదు. ఇతరులు పూజించు దేనినిగాని, యుపన్యాసములోగాని ప్రార్థనలోగాని కీర్తనలోగాని దూషింపరాదు. అన్ని మతములవారిని గలుపు బోధయే చేయవలెను. చూడుడు! విగ్రహారాధనను జీవితమంతయు ఖండించిన మహాపురుషుడు, తన మందిరములో విగ్రహారాధకుని దైవమును నిందింపరాదని పత్రము వ్రాసి బిగించెను. మతభేదము వేఱు, మనసు నొప్పించుట వేఱని యాయన యెఱుగును. 1820లో యేసుయొక్క నీతిబోధలను సంకలనముచేసి ప్రకటించినపుడు, అందు మహిమలను విడిచెనని శ్రీరామపురపు మిషనరీలాయనతో సంవత్సరములకొలది వాదించిరి. వాదమెంత తీవ్రమైనను యేసునెడల నాయన గౌరవము తగ్గలేదు. మిషనరీలు తమ మందిరములు కట్టరాదని యాయన యనలేదు.

ఆ పత్రమును మేము రాజోలిలో గట్టదలచిన సంఘమువారి యెదుట, వినయపూర్వకముగ, నుంచుచున్నాము. మీ మతమును విడువుడని మేమనము. దోర్నకలులో 1939 జనవరి 6వ తేదిని ప్రతిష్ఠింపబడిన దేవాలయమును జూడుడు. ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషపు అజరయ్యగారు దానిని పరదేశపు చర్చికి నకలుగ గట్టింపక, మసీదుల గుమ్మటములను, గుడుల స్తంభములను దలపించునట్లు కట్టించిరి. చూచువానికది మన దేశపు భూమినుండి మొలచినదనిపించును. వేషమట్లే యుండవలెనని యెవరిని నిర్బంధింపజాలము. పొరుగువాని కన్ను గూడ దేవుడిచ్చినదేయని తలచిన కట్టడమునకు ఊరు త్వరగ జుట్టమగునని మాత్రమే మా మనవి. కట్టువారు లెక్కలు దాచకయు, సాయమునకు మతమును ముడిపెట్టకయు, పరదైవములను దూషింపకయు నుందురేని, వారి తలుపు మూయించువానికి ధర్మబలముండదు. ఈ మూడింటిలో నేదిని విడిచినను, చట్టము వారి పక్షమున నున్నను, పొరుగువాని హృదయము వారికి దక్కదు.

అట్లే ఊరి సభకు బోవు మన మిత్రులకును గొన్ని మాటలు మనవి చేయుదుము. కట్టదలచినవారు లేని సభలో వారినిగూర్చి తీర్మానింపకుడు. వారిని బిలిచి, పటమును జదివించి, వినుడు. త్రోవ, నీరు, ధ్వని, అపాయద్వారము, వరదమట్టము, వీనిని గూర్చియే ప్రశ్నింపుడు, సిద్ధాంతములనుగూర్చి ప్రశ్నింపకుడు. షరతు విధించినచో అదే షరతును ఊరిలోని యారాధనస్థలములన్నింటికి నదే దినమున విధింపుడు. తీర్మానమును గారణములతో వ్రాసి, సంతకములు చేయుడు. వ్రాయుటకు సిగ్గైన కారణము చెప్పుటకును దగినది గాదు. సభలో వెనుకవరుసను నిలిచిన దళితవాడవారిని ముందునకు బిలిచి, మీకేమి కావలెనని యడుగుడు. ఏలయన, వారినిగూర్చియే యూరంతయు మాటలాడుచుండును. వారితో మాటలాడువారే యరుదు.

గోపురముల పందెమని వృద్ధుడు చెప్పిన మాటకు సమాధానము మిగిలియున్నది. ఆ భయము వ్యర్థము గాదు. ఒకరిది చూచి యొకరు పెంచుకొన్న గోపురములు పెక్కూళ్లలో గలవు. దీనికి మందు నిషేధము గాదు, వేఱొక పందెము. తుంగభద్ర మరల నొకనాడు పొంగినచో, ఆ రాత్రి యే మందిరపు తలుపు కులమడుగక తెఱువబడునో, ఏ యంగణమున వంట పొయ్యి ముందుగ మండునో, ఎవరి మెట్టపై మునిగిన నేతగాని మగ్గపుగొయ్యలు తడియక నిలుచునో, ఆ మందిరమే ఊరిలో నెత్తైనది. ఆ యెత్తులో ఒకరినొకరు మించజూచినచో ఊరికి లాభమేకాని నష్టము లేదు. అట్టి పందెమునకు గుడివారిని, మసీదువారిని, చర్చివారిని, మమ్మునుగూడ నాహ్వానించుచున్నాము.

సర్వాంతర్యామియగు పరమేశ్వరుడు ఏ గోడలలోను బంధింపబడడు; ఏ గోడ లేచినను దరుగడు. తన బిడ్డలలో నొకడు తన భాషలో దన్ను బిలుచుటకొక చూరు కట్టుకొనబోగా, మఱొకడు చేయి యడ్డుట యాతనికి సంతోషకరము గానేరదు. ఒకని స్తోత్రముచే మఱొకని నిద్ర చెడుటయు సంతోషకరము గానేరదు. ఈ రెండును నేకకాలమున దెలిసికొను బుద్ధిని, తెలిసినదానిని మొదట మన గుమ్మముననే యాచరించు ధైర్యమును ఆయన మనకనుగ్రహించుగాక.